తట్టు సోకిన ఇంట్లో రోజుల లెక్క

హదీసు తరగతిలో వైద్య ప్రకరణానికి చేరుకున్న ప్రతి సంవత్సరమూ మేము విద్యార్థుల చేత ఒక సంఘటనను తప్పక అప్పజెప్పించుకుంటాము. ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) షామ్ దేశానికి బయలుదేరి సర్గ్ అనే చోటికి చేరుకున్నారు. సేనానాయకులు ఎదురు వచ్చి, షామ్‌లో మహమ్మారి పుట్టిందని తెలిపారు. ఆయన ముందుగా ముహాజిర్లను పిలిచి సలహా అడిగారు, తరువాత అన్సార్లను అడిగారు. ఇరువర్గాలలోనూ భిన్నాభిప్రాయాలే వచ్చాయి. చివరకు ఖురైషు పెద్దలను పిలిపిస్తే, వారందరూ ఏకకంఠంతో వెనుదిరగడమే మేలన్నారు. దైవనిర్ణయం నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) నిలదీసినప్పుడు, ఒక దైవనిర్ణయాన్ని విడిచి మరొక దైవనిర్ణయం వైపునకే వెళుతున్నామని ఉమర్ (రజి) జవాబిచ్చారు. ఇంతలో ఏదో పనిమీద వెళ్ళిన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) తిరిగి వచ్చి, ఈ విషయంలో దైవప్రవక్త (సఅసం) నుంచి తాను స్వయంగా విన్న ఆదేశం ఒకటి ఉందన్నారు. మహమ్మారి ఉన్నదని విన్న ప్రదేశానికి వెళ్ళవద్దనీ, తామున్న చోటనే అది తలెత్తితే దానికి జడిసి అక్కడి నుంచి పారిపోవద్దనీ దాని సారాంశం.

ఇరవై ఆరు సంవత్సరాలు ఈ పాఠం చెప్పాము. తీరా ఆ పాఠం మా మదర్సా గడపలోనే నిలబడిన రోజున మేము దానికి పూర్తిగా విరుద్ధంగా నడుచుకున్నాము. కొన్నేళ్ళ నాటి మాట ఇది. ఇంతకాలం ఈ శీర్షికలో రాయకపోవడానికి కారణం మొహమాటమే తప్ప మరొకటి కాదు.

బక్రీదు సెలవులు ముగిసి విద్యార్థులు తిరిగి వచ్చిన రెండవ వారం. హిఫ్జ్ తరగతిలోని పదకొండేళ్ళ పిల్లవానికి శుక్రవారం నాడు జ్వరం తగిలింది. ముక్కు కారడం, పొడిదగ్గు, కళ్ళు ఎర్రబడి నీరు కారడం, ఇవీ లక్షణాలు. వానలు మొదలైన రోజులు కనుక జలుబేననుకొని ఒక మాత్ర ఇచ్చాము. పిల్లవాడు బుద్ధిమంతుడు, పాఠం తప్పేవాడు కాడు. శనివారం, ఆదివారం, సోమవారం మూడు రోజులూ తోటి విద్యార్థుల మధ్యనే మోకాలికి మోకాలు తగిలించి కూర్చుని దగ్గుతూనే సబఖ్ వినిపించాడు. మేమూ మెచ్చుకున్నాము. మంగళవారం ఫజర్ నమాజు తరువాత చూస్తే చెవుల వెనుక, నుదుటి మీద ఎర్రని దద్దురు. మధ్యాహ్నానికి ముఖమంతా అలుముకొని మెడ దిగింది. మా వంటామె ఒక్క చూపులోనే చెప్పింది, "ఇది తట్టు హజ్రత్. మా పిల్లలిద్దరికీ వచ్చింది, నాకు తెలుసు."

తట్టు అన్నా, కొన్ని ప్రాంతాలలో పొంగు అన్నా, ఉర్దూలో ఖస్రా అన్నా, డాక్టర్లు మీజిల్స్ అన్నా ఒకటే వ్యాధి. ఆ రోజున వసతిగృహంలో నలభై ఒక్క మంది పిల్లలున్నారు. కమిటీ పెద్దలు ఇద్దరు వచ్చారు. మదర్సాలో తట్టు పుట్టిందని ఊరిలో పాకితే మళ్ళీ ఎవరు పిల్లలను పంపుతారని వారి బెంగ. మా బెంగ కూడా అదే. దానిని వారి మీదకు నెట్టడం న్యాయం కాదు. అసర్ నమాజు లోపల తల్లిదండ్రులకు ఫోన్లు వెళ్ళాయి. వాతావరణం బాగాలేదు, పిల్లలకు జ్వరాలు తగులుతున్నాయి, పది రోజులు ఇంటికి తీసుకువెళ్ళండని చెప్పాము. తట్టు అనే మాట ఒక్క ఫోనులోనూ మా నోట రాలేదు. చీకటి పడేసరికి ఇరవై ఆరుగురు బస్సులెక్కి ఇరవైకి పైగా ఊళ్ళకు వెళ్ళిపోయారు.

బుధవారం ఉదయం ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి లేడీ డాక్టరు, ఏ.ఎన్.ఎం. వచ్చారు. జ్వరం పిల్లవానిని పరీక్షించి, నోరు తెరిపించి, లోబుగ్గల మీద ఉప్పు రవ్వల వంటి తెల్లని చుక్కలను మాకు కూడా చూపించారు. దద్దురు రావడానికి ముందే ఆ చుక్కలు కనిపిస్తాయట. తరువాత హాజరు పట్టిక తెప్పించుకొని, మిగిలిన పిల్లలెక్కడ అని అడిగారు. ఇళ్ళకు పంపేశామని మేము కాస్త నిబ్బరంగానే చెప్పాము. ఆమె పెన్ను కింద పెట్టారు.

"రోగాన్ని బయటికి పంపామని మీరనుకుంటున్నారు మౌలానా గారూ. దానికి ఇరవై ఆరు బస్సు టిక్కెట్లు కొనిచ్చారు."

వైద్యం తెలిసిన మనిషి ఆ మాట అంటుంటే మా చెవులలో సర్గ్ సంఘటన మారుమోగింది. ఆమె ఆ హదీసు విని ఉండరు. మేము విని, వినిపించి, పరీక్షలో ప్రశ్నగా కూడా ఇచ్చాము.

ఆమె చెప్పిన మేరకు ఇళ్ళకు వెళ్ళిన ప్రతి పిల్లవాని తల్లిదండ్రులకూ మళ్ళీ ఫోను చేసి, ఈసారి ఉన్నదున్నట్టుగా తట్టు అని చెప్పాము. కొందరు కోపగించుకున్నారు, కొందరు దువా చేయమన్నారు. మూడు ఇళ్ళకు ఫోను కలవలేదు. వాటిలో ఒక ఇంటి యజమాని కువైట్‌లో డ్రైవరు. మా రిజిస్టరులో ఉన్నది ఆయన ఎప్పుడో వదిలేసిన నంబరు. పిల్లవానిని మేనమామ వచ్చి తీసుకువెళ్ళాడు. అతని నంబరు మేము రాసుకోలేదు. రేపు ఎవరినైనా పంపి కబురు చేద్దామనుకున్నాము. ఆ రేపు మూడు వారాల దాకా రాలేదు.

ఆ తొమ్మిదేళ్ళ పిల్లవాడు ఇంటికి చేరిన వారం రోజులు హాయిగా ఆడుకున్నాడు. ఆ తరువాత జ్వరం, ఆపైన తట్టు. అతనికి తేలికగానే పోయింది. కానీ ఆ ఇంట్లో ఏడు నెలల చెల్లెలు ఉంది. మొదటి టీకా వేసే వయసు ఆ పాపకు ఇంకా రాలేదు. అన్న ఒడిలో ఆడిన ఆ పసిబిడ్డకు తట్టు వచ్చి, దాని వెనుకనే న్యుమోనియా పట్టింది. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉంది. బతికింది, అల్‌హమ్‌దులిల్లాహ్. చూడడానికి మేము వెళ్ళినప్పుడు ఆ తల్లి తలుపు చాటున నిలబడి ఒక్క మాట మాత్రం అన్నది. "తట్టు అని ఒక్క మాట చెప్పి పంపి ఉంటే, హజ్రత్, పాపను తీసుకొని మా అమ్మ ఇంటికి పోయి ఉండేదాన్ని కదా."

బజారులో ధాన్యపు రాశి లోపలికి చేయి పెట్టి, అడుగున తడి తగిలినప్పుడు దైవప్రవక్త (సఅసం) ఆ వర్తకుడిని ఎంతగా మందలించారో మనందరికీ తెలుసు. లోపాన్ని దాచి సరుకు అంటగట్టినవాడు తమవాడు కాడన్నారు. ఆ హదీసును మేము ఇంతకాలం వ్యాపారుల పాఠంగానే చెబుతూ వచ్చాము.

ఆ తల్లి మాటలోనే అసలు విషయమంతా ఉంది. తట్టును కలిగించే వైరస్‌కు నేరుగా పనిచేసే మందు ఈనాటికీ లేదు. కానీ అది చాలా లెక్క ప్రకారం నడిచే వ్యాధి. ఆ లెక్క తెలిసిన ఇంటివారికి దానిని ఆపడానికి కొన్ని రోజుల వ్యవధి చేతిలో ఉంటుంది. మన ఇళ్ళలో రోజుల లెక్క కొత్తది కాదు. అఖీఖాకు ఏడవ రోజు లెక్కిస్తాము, బాలింతకు నలభై లెక్కిస్తాము, ఇద్దత్ రోజులను వేళ్ళ మీద పెడతాము. ఈ లెక్కను కూడా అలాగే గుర్తు పెట్టుకోవాలి.

రోగి ఒంటి మీద దద్దురు కనిపించిన రోజును గోడ మీది కాలెండరులో గుర్తు పెట్టండి. దానికి నాలుగు రోజుల ముందు నుంచి, దాని తరువాత నాలుగు రోజుల వరకు ఆ రోగి ఇతరులకు వ్యాధిని అంటించగలడు. ముందరి నాలుగు రోజులూ అందరూ జలుబేనని భ్రమపడే రోజులు. మా పిల్లవాడు సబఖ్ వినిపించింది ఆ రోజులలోనే. దగ్గినా తుమ్మినా వెలువడే వైరస్ గాలిలో తేలుతూ, రోగి గదిలో నుంచి వెళ్ళిపోయిన రెండు గంటల దాకా కూడా అక్కడ నిలిచి ఉండగలదు. ముట్టుకోవడం, ఒకే కంచంలో తినడం అవసరమే లేదు. రక్షణ లేని పదిమంది ఆ గాలి పీలిస్తే తొమ్మిదిమందికి దాకా సోకుతుంది. ఇంతగా అంటుకునే వ్యాధులు లోకంలో చాలా తక్కువ.

సోకిన మనిషికి వెంటనే ఏమీ తెలియదు. సుమారు పది రోజులకు జ్వరం, దాదాపు రెండు వారాలకు దద్దురు వస్తాయి. కొందరికి మూడు వారాల దాకా పడుతుంది. అందుచేత రోగితో కలిసి గడిపిన, టీకా పడని పిల్లవాడు మొదటి నాలుగైదు రోజులలో ఆరోగ్యంగా తిరుగుతున్నాడని ధీమా పడకూడదు. అయిదవ రోజు నుంచి ఇరవై ఒకటవ రోజు వరకు అతనిని బడికీ, మస్జిదుకూ, పెళ్ళిళ్ళకూ పంపకుండా, పసిపిల్లలకూ గర్భిణులకూ దూరంగా ఉంచాలి. ఈ ఒక్క లెక్క తెలిసి ఉంటే ఆ ఏడు నెలల పాపకు వారం రోజుల వ్యవధి దొరికేది.

ఇక వ్యాధి సోకిందేమోనన్న అనుమానం కలిగిన రోజున చేయవలసిన మొదటి పని ఆశా కార్యకర్తకో, ఏ.ఎన్.ఎం.కో కబురు చేయడం. ఎందుకంటే తట్టు టీకాకు ఒక విశేషం ఉంది. రోగితో కలిసిన 72 గంటలలోపు వేయిస్తే అది వ్యాధిని ఆపగలదు, లేదా తేలిక చేయగలదు. ఆరు నెలలు దాటిన బిడ్డకు కూడా ఇలాంటి సందర్భంలో డాక్టరు సలహా మీద వేస్తారు. అయితే ఆ మోతాదు లెక్కలోకి రాదు. తొమ్మిది నెలలు నిండాక వేయవలసినవి మళ్ళీ వేయించవలసిందే. గర్భిణులకూ, ఆరు నెలలలోపు శిశువులకూ, క్యాన్సరు వంటి జబ్బులతో శక్తి సన్నగిల్లినవారికీ ఈ టీకా పనికిరాదు. వారికి ఆరు రోజులలోపు ఇమ్యునోగ్లోబులిన్ అనే ఇంజక్షన్ ఇవ్వవచ్చునా అన్నది పెద్దాసుపత్రి డాక్టరు నిర్ణయించాలి. అందుకే వారి విషయంలో రేపటి దాకా ఆగకూడదు. గర్భిణికి తట్టు వస్తే గర్భస్రావం, నెలలు నిండని కాన్పు వంటి ప్రమాదాలున్నాయి.

మా మదర్సాలో మిగిలిన పదిహేనుమందిలో టీకా కార్డు లేనివారందరికీ ఆ బుధవారమే టీకా వేశారు. శుక్రవారం నుంచి కలిసి ఉన్నారు కదా, 72 గంటలు దాటిపోలేదా అని మేము అడిగాము. దాటిపోయింది, ఈసారికి ఆపలేకపోవచ్చు, మళ్ళీ సోకినప్పుడు కాపాడుతుంది కదా అన్నారు డాక్టరమ్మ. వారిలో ముగ్గురికి వచ్చింది. ముగ్గురినీ ఒకే గదిలో ఉంచి, మదర్సా గేటు మూసి, మూడు వారాలు కదలకుండా ఉన్నాము. చిన్ననాట తట్టు వచ్చి పోయినవారికి జీవితాంతం రక్షణ ఉంటుంది కనుక ఆ పిల్లల సేవ మా తరం ఉస్తాదులం చూసుకున్నాము. మన దేశంలో తట్టు టీకా అందరు పిల్లలకూ వేయడం మొదలైనది 1985లో. మేము అంతకు ముందువాళ్ళం, దానిని అనుభవించే పెరిగాము.

తట్టు వచ్చిన బిడ్డను ఇంట్లో ఎలా చూసుకోవాలన్న దాని మీద మన ఆడవారి నడుమ అనేక మాటలు వాడుకలో ఉన్నాయి. దద్దురు పూర్తిగా పోసేదాకా మందు ముట్టించకూడదని, స్నానం చేయించకూడదని, పథ్యం పెట్టాలని, కిటికీలు మూసి చీకటి చేయాలని అంటారు. తలుపుకు వేపమండలు కట్టడం వలన నష్టమేమీ లేదు, అది తల్లి కోపమన్న నమ్మకంతో కడితేనే మన అఖీదాకు దెబ్బ. కానీ తిండి తగ్గించడం మాత్రం నిజంగా ప్రమాదకరం. తట్టు పిల్లలను చంపేది దద్దురుతో కాదు, దాని వెనుక వచ్చే న్యుమోనియాతోనూ విరేచనాలతోనూ. బక్కచిక్కిన పిల్లలకు ఆ ముప్పు మరింత ఎక్కువ. చంటిబిడ్డకు తల్లిపాలు ఒక్క పూట కూడా ఆపవద్దు. పెద్ద పిల్లలకు గంజి, పప్పన్నం, గుడ్డు, పండ్లు ఏది తినగలిగితే అది కొద్దికొద్దిగా ఎక్కువ సార్లు పెట్టండి. విరేచనాలుంటే ఓ.ఆర్.ఎస్. తాగించండి. జ్వరానికి పారాసిటమాల్ బిడ్డ బరువును బట్టి డాక్టరు చెప్పిన మోతాదులో ఇవ్వండి, ఆస్పిరిన్ ఇవ్వకూడదు. గోరువెచ్చని నీళ్ళతో ఒళ్ళు తుడవండి. గదిలో గాలి ఆడాలి. వెలుతురుకు కళ్ళు మండుతాయి కనుక పరదా వేయండి, కిటికీ మాత్రం మూయవద్దు.

కళ్ళ విషయం కొంచెం ఆగి చెప్పాలి. ఎర్రబడిన కళ్ళకు చలువ చేస్తుందని మన ఇళ్ళలో సుర్మా పెడతారు. కొందరు ఆకుపసరు పిండుతారు, తల్లిపాలు వేస్తారు. తట్టు సమయంలో ఇవేవీ వద్దు. ఈ వ్యాధి కంటి నల్లగుడ్డును దెబ్బ తీయగలదు, ఒంట్లో విటమిన్ ఎ తక్కువగా ఉన్న బిడ్డకు చూపే పోవచ్చు. అందుకే తట్టు వచ్చిన ప్రతి బిడ్డకూ విటమిన్ ఎ ద్రావణం వరుసగా రెండు రోజులు రెండు మోతాదులు ఇస్తారు. ఏడాది దాటిన పిల్లలకు 2,00,000 యూనిట్లు, ఆరు నెలల నుంచి ఏడాదిలోపు వారికి 1,00,000 యూనిట్లు, ఇంకా చిన్నవారికి 50,000 యూనిట్లు చొప్పున ఉంటుంది. ఇది ఆరోగ్య కార్యకర్త చేతనే ఇప్పించాలి, ఎక్కువైతే హాని చేస్తుంది కనుక దుకాణంలో కొని సొంతంగా పోయవద్దు. కళ్ళను కాచి చల్లార్చిన నీటిలో ముంచిన శుభ్రమైన గుడ్డతో తుడిస్తే చాలు. సుర్మా సున్నతు కదా అని ఎవరైనా పట్టుబడితే, రోగం తగ్గాక పెట్టుకోమనండి.

ఊపిరి వేగంగా తీసుకోవడం, పక్కటెముకల కింద గుంట పడడం, ఏదీ తాగలేకపోవడం, తాగినదంతా కక్కుకోవడం, మూర్ఛ, పిలిచినా పలకని మగత, నల్లగుడ్డు మీద తెలుపు, ఇవి కనిపిస్తే రాత్రి అని చూడకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. వెళ్ళే ముందు ఫోను చేసి తట్టు రోగిని తెస్తున్నామని చెప్పండి. అక్కడ వరుసలో కూర్చున్నవారిలో ఒక బాలింత ఉండవచ్చు. దద్దురు మానిన తరువాత కూడా బిడ్డకు కొన్ని వారాలపాటు, ఒక్కొక్కసారి నెలలపాటు, ఇతర వ్యాధులను ఎదుర్కొనే శక్తి తగ్గి ఉంటుంది. రోజుకు ఒక పూట అదనంగా తినిపించవలసిన కాలం అది.

ఇదంతా విన్న ఒక విద్యార్థి తండ్రి మమ్మల్ని తిరిగి ప్రశ్నించాడు. రోగం ఒకరి నుంచి ఒకరికి అంటుకోదని హదీసులో లేదా హజ్రత్, మీరే ఇలా అంటే ఎలా అన్నాడు. ఉంది. కానీ బుఖారీలో ఆ మాట ఉన్న రివాయతులోనే, సింహాన్ని చూసి పారిపోయినట్టు కుష్ఠురోగి నుంచి తొలగిపొమ్మన్న మాట కూడా ఉంది. జబ్బు ఒంటెలను ఆరోగ్యంగా ఉన్న ఒంటెల దగ్గరకు తోలవద్దన్న ఆదేశం ఉంది. సఖీఫ్ తెగ ప్రతినిధులలో ఒక కుష్ఠురోగి ఉంటే, అతని బైఅత్ స్వీకరించామని కబురు పంపి, అక్కడి నుంచే తిరిగి వెళ్ళమన్న సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది. ఈ మూడింటినీ వదిలి ఒక్క ముక్కను పట్టుకోవడం విద్య కాదు. అజ్ఞాన కాలపు అరబ్బులు రోగానికి దైవాజ్ఞతో పని లేని సొంత శక్తి ఉందనుకునేవారు. త్రోసిపుచ్చినది ఆ నమ్మకాన్ని. కారణాలను సృష్టించినవాడు కూడా అల్లాహ్‌యే. నిప్పు కాలుస్తుందని ఒప్పుకుంటే తౌహీదుకు లోటు రానప్పుడు, దగ్గు అంటిస్తుందని ఒప్పుకుంటే ఎలా వస్తుంది?

మన పూర్వులు ఈ వ్యాధిని శ్రద్ధగా గమనించారన్న సంగతి కూడా ఆయనకు చెప్పాము. మశూచి వేరు, తట్టు వేరు అని లక్షణాలతో విడదీసి ప్రత్యేకంగా ఒక గ్రంథం రాసినవాడు బాగ్దాదు ఆసుపత్రికి అధిపతిగా పనిచేసిన అబూ బక్ర్ అల్ రాజీ. తట్టును ఆయన అరబీలో హస్బా అన్నాడు. వైరస్ సంగతి ఆ కాలంలో ఎవరికీ తెలియదు. రక్తంలోని వికారమే కారణమని ఆయనా అనుకున్నాడు. అందులో తప్పు పట్టవలసినదేమీ లేదు, తన కళ్ళకు కనిపించినదానిని నిజాయితీగా రాశాడు. వెయ్యేళ్ళ తరువాత 1963లో టీకా వచ్చింది.

టీకా అనగానే మరొక ప్రశ్న వస్తుంది, అందులో పంది నుంచి తీసిన పదార్థం ఉందటగా అని. 2017లో మన తెలుగు రాష్ట్రాలలో తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ళ పిల్లలందరికీ ఎం.ఆర్. టీకా వేసినప్పుడు ఈ అనుమానం మా దగ్గరకూ వచ్చింది, సంతానం కలగకుండా చేసే కుట్ర అన్న వదంతి కూడా వచ్చింది. రెండవది పచ్చి అబద్ధం. మొదటి దానిని ఇండొనేషియా ఉలమా మండలి 2018లో విచారించింది. వారి దేశానికి చేరినది మన భారతదేశంలో తయారైన టీకాయే. తయారీలో పంది సంబంధమైన పదార్థం వాడారని తేల్చిన ఆ ఉలమాలే, ప్రత్యామ్నాయం లేనందువలనా పిల్లలకు కలిగే హాని తీవ్రమైనది అయినందువలనా దానిని వేయించడం అనుమతించదగినదేనని ఫత్వా ఇచ్చారు. జరూరత్ అనే ఫిఖహ్ సూత్రం మన గ్రంథాలలో ఉన్నది ఇలాంటి రోజుల కోసమే. ఇంకా మనసు కుదుటపడనివారు తమ ముఫ్తీని అడగవచ్చు. కానీ బిడ్డకు తొమ్మిది నెలలు నిండక ముందే అడగండి, పక్కింట్లో తట్టు వచ్చాక కాదు.

మొదటి మోతాదు తొమ్మిది నెలలు నిండిన తరువాత ఏడాదిలోపు, రెండవది 16 నుంచి 24 నెలల మధ్య ప్రభుత్వమే ఉచితంగా వేస్తుంది. మొదటిది వేయించి రెండవది మరచిపోయే ఇళ్ళు చాలా ఉన్నాయి. 2022 చివరలో ముంబయి గోవండి బస్తీలలో తట్టు పిల్లల ప్రాణాలు తీసినప్పుడు, టీకాలు తప్పిపోయిన ఇరుకు ఇళ్ళలోనే అది వేగంగా పాకింది. ఆ ఇళ్ళు మన ఇళ్ళ వంటివే.

రోగి పరామర్శ పుణ్యకార్యం. కానీ తట్టు ఇంటికి చంకలో బిడ్డను పెట్టుకొని పరామర్శకు వెళ్ళడంలో పుణ్యమేముందో మాకు అర్థం కాదు. ఆ ఇంటి గుమ్మం దగ్గర వంట గిన్నె పెట్టి, ఫోనులో దువా చేసి రావచ్చు. దమ్ చేయించేవారు రోగిని మస్జిదు గుమ్మం దగ్గరకు తేనవసరం లేదు, ఇమాము గారే ఇంటి నుంచి దువా చేయగలరు. పచ్చి వెల్లుల్లి తిన్నవాడినే ఆ వాసనతో మస్జిదుకు రావద్దన్న ధర్మం మనది. వ్యాధిగ్రస్తుడికి జమాఅతు నుంచీ జుమా నుంచీ మినహాయింపు ఉంది. ఆ మినహాయింపును వాడుకోవడానికి సిగ్గు పడేవారిని చాలామందిని చూశాము.

ఇప్పుడు మా మదర్సాలో ప్రవేశానికి వచ్చిన ప్రతి పిల్లవాని టీకా కార్డు నకలు తీసుకుంటున్నాము. కార్డు పోయిందంటే ఆరోగ్య కేంద్రానికి పంపుతాము. ఫోను నంబర్లు రెండు రాసుకుంటాము, వాటిలో ఒకటి తప్పనిసరిగా ఇంట్లో ఉండే ఆడవారిది. భార్య నంబరు రిజిస్టరులో ఎందుకని మొదట్లో కొందరు తండ్రులు నొచ్చుకున్నారు. వారికి ఆ కువైట్ డ్రైవరు ఇంటి సంగతి చెబుతాము. పేరు చెప్పము, పాప వయసు మాత్రం చెబుతాము. ఇంతవరకు నంబరు ఇవ్వకుండా వెళ్ళినవారు ఎవరూ లేరు.